మంచు పడదని ఎవరూ రాయలేదు

మొన్న ఉదయగిరిలో పాసుపుస్తకం జిరాక్సు తీయించుకుంటుంటే కరెంటు పోయింది. సగం దాకా వెళ్లిన కాగితం మిషను లోపలే ఆగిపోయింది. కొట్టాయన మూత తెరిచి, ఆ కాగితాన్ని చిరగకుండా లాగి నా చేతిలో పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది. వేడి జిరాక్సు కాగితానికి ఒక వాసన ఉంటుంది. కాలిన పొడి, అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా కలిసినట్టుంటుంది. పావుగంటకు కరెంటు వచ్చింది. మిషను గరగరమని లేచి, పచ్చలైటు వెలిగించుకుని, అంతకుముందు మేము నొక్కినవన్నీ మరిచిపోయి, ఒక కాపీ, మామూలు సైజు, మామూలు నలుపు అని తనకు తానే నిర్ణయించుకుంది. కొట్టాయన విసుక్కుంటూ మళ్లీ మొదటి నుంచి నొక్కసాగాడు. నేను పక్కకు తిరిగి ముఖం తుడుచుకున్నాను. ఏమైందని అడిగితే కంట్లో పొడి పడిందన్నాను. అది అబద్ధం.

అబద్ధాల సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది. ఉదయగిరి, ఆత్మకూరు మధ్య బస్సుల్లో నన్నెరిగినవాళ్లందరూ కోతల సీనయ్య అంటారు. డ్రిప్ పైపులు అమ్మే కంపెనీలో ఇరవై ఏళ్లు పనిచేశాను. దుర్గం కొండ కింద తోటలో చిరుతపులి మా పైపు నములుతుంటే ఎదురుగా నిలబడి వారంటీ కార్డు చదివి వినిపించాననీ, నిబంధనలన్నీ విని అది తలదించుకుని వెళ్లిపోయిందనీ కలువాయి రైతులకు చెప్పి పైపులు అమ్మిన మనిషిని. అందుకని ఇప్పుడు చెప్పబోయేదాంట్లో నిజమేదో తేల్చుకునే శ్రమ మీకు పెట్టను. పులి మాట అబద్ధం. మిగతాది జరిగింది. మస్తానన్న నన్ను జన్మలో ఒక్కటే అడిగాడు. నేను అవుననలేదు, కాదనలేదు. ఇవ్వని ఆ జవాబు గురించే ఇదంతా.

ఆత్మకూరు బస్టాండుకు ఎదురుసందులో ఆయన జిరాక్సు కొట్టు ఉండేది. పేరు మస్తానయ్య. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. పొట్టి మనిషి, చెవి మీద పెన్ను, ఎప్పుడూ నల్లగా ఉండే వేళ్ల కొసలు. గిరాకీ ఎంత ఉన్నా ఆయన నోటి నుంచి వచ్చే మాటలు రెండే. లోపలికి రాగానే "ఎన్ని కాపీలు?", వెళ్లిపోతుంటే "ఒరిజినల్ మర్చిపోతా ఉండారు." జనం నిజంగానే మరిచిపోయేవాళ్లు. మిషను మూత కింద వదిలేసి పోయిన రేషన్ కార్డుల్నీ పదో తరగతి సర్టిఫికెట్లనీ ఒక అట్టపెట్టెలో దాచి, వాటి మీద ఊరి పేరు చూసి, ఆ ఊరి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాడు. ఒకసారి నా డ్రైవింగ్ లైసెన్సు అలా ఉదయగిరి చేరింది. థాంక్స్ చెప్పడానికి పోయినవాణ్ణి గంటసేపు కూర్చుండిపోయాను. నేను చెప్పిన కోతలన్నీ విని, ఒక్కదానికీ నవ్వకుండా, ఒక్కదాన్నీ ఖండించకుండా, ప్రతిదానికీ "తర్వాత?" అన్నాడు. అంతకుముందు నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. అందరూ "పోరా" అనేవాళ్లే.

తర్వాత మమ్మల్నందరినీ కలిపిన ఆట పుస్తకం కూడా ఎవరో మరిచిపోయిందే. ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొందరు మూడొందల పేజీల ఇంగ్లీషు పుస్తకం కాపీ తీయమని ఇచ్చి, బస్సు కదులుతోందని ఒరిజినల్ మాత్రం పట్టుకుని పరుగెత్తారట. కాపీ రేపు తీసుకుంటామన్న పిల్లలు మళ్లీ రాలేదు. మస్తానన్న దానికి స్పైరల్ బైండింగు చేసి ఏడాది పాటు వాళ్ల కోసం చూశాడు. తర్వాత డిక్షనరీ పక్కన పెట్టుకుని తానే చదవడం మొదలుపెట్టాడు. అది కథలు చెప్పుకునే ఆట తాలూకు మూల నియమాల పుస్తకం. బల్ల చుట్టూ కొందరు కూర్చుంటారు. ఒకరు ఆటపెద్ద. ఆయన లోకాన్ని చెబుతాడు: ఎదురుగా ఏరుంది, ఏటి అవతల వెలుతురు కనిపిస్తోంది అని. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మనిషి వేషం నోటితోనే కట్టి, నేను ఏరు దాటుతున్నాను అంటారు. దాటగలిగాడా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. గెలుపూ ఓటమీ లేవు. కథ సాగడమే ఆట.

ఆయన జమచేసుకున్నది ముగ్గురిని. నేనొకణ్ణి. రెండో మనిషి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే రాజ్యలక్ష్మి టీచరు. కష్టమైన పేజీల అర్థం చెప్పడానికి వచ్చి ఆటలో చిక్కుకుపోయింది. మూడో మనిషి మర్రిపాడు దగ్గర పల్లె నుంచి గొర్రెల సంఘం కాగితాలు కాపీ తీయించుకోవడానికి వచ్చే పెంచలయ్య. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మస్తానన్న షట్టరు సగం దించేవాడు. మేము వంగి లోపలికి దూరేవాళ్లం. ఇరవై ముఖాల పాచిక ఆత్మకూరులో ఎక్కడ దొరుకుతుంది? ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఆయన చేత నేనొకటి చేయించుకొచ్చాను. చూడ్డానికి ఎలక్కాయలా, అదే వెలగకాయలా, ఉండేది. ఎన్నిసార్లు వేసినా నాలుగో పదకొండో తప్ప పడేది కాదు. మస్తానన్న దాన్ని కళ్లకద్దుకుని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు. మేము హౌసీ ఆటలోని బిళ్ళలు ఒకటి నుంచి ఇరవై దాకా స్టీలు గ్లాసులో వేసి తీసుకునేవాళ్లం. తీసిన బిళ్ళ బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టాలన్నది ఆయన పట్టుదల.

మొదటి ఆదివారమే ఒక మాట దగ్గర బండి ఆగింది. ఆడేవాళ్లు వేరేగా చెప్పుకోకపోతే ఈ లోకం ఇలా ఉంటుంది అని పుస్తకం మొదట్లోనే ఉంది. ఆ తర్వాత ఇరవై పేజీల లోకం: రాతికోటలు, రాజులు, గుర్రాలు, ఊరి మొదట్లో పూటకూళ్ల ఇల్లు, దాంట్లో నెగడు, అడవిలో మొనదేలిన చెవుల మనుషులు. దాన్ని డిఫాల్టు సెట్టింగు అంటారని టీచరు చెప్పింది. అదేందని పెంచలయ్య అడిగాడు. టీచరు మాట వెతుక్కుంటుంటే మస్తానన్న మిషను వైపు చూపించాడు. కరెంటు పోయి వచ్చినాక అది తనంతట తాను పెట్టుకునేదే డిఫాల్టు, మనం ఏదీ నొక్కకపోతే అదే ఉంటుంది అన్నాడు. మా అందరికీ అర్థమైపోయింది.

అప్పుడే ఒక లాంగ్ నోట్‌బుక్కు తెరిచి దానికి కాదు పుస్తకం అని పేరు పెట్టాడు. డిఫాల్టులో ఉన్నది మాకు వద్దంటే దాంట్లో రాయాలి. పూటకూళ్ల ఇల్లు, కాదు. టీ కొట్టు. గుర్రం, కాదు. ఎద్దుల బండి. రాజు, కాదు. ప్రెసిడెంటు, ఆయన నాయనా ప్రెసిడెంటే. కోట మాత్రం ఉంచుకున్నాం, ఉదయగిరి దుర్గం ఉండనే ఉంది కనుక. పుస్తకంలో యోధులు, మాంత్రికులు, దొంగలు ఉన్నారు. గొర్రెలు కాసేవాడు ఉండాడా అని పెంచలయ్య అడిగితే లేడు. మస్తానన్న రాశాడు, పెంచలయ్య అదే అయ్యాడు. వంద గొర్రెల మంద కూడా రాశాడు. బళ్లో తన మాట వినేవాళ్లు లేరు గనుక ఇక్కడైనా చేతిలో గొడ్డలి ఉండనీ అని టీచరు యోధురాలైంది. నేను పాటగాణ్ణయ్యాను. అబద్ధాలు చెప్పి బతికే వృత్తి ఆ పుస్తకంలో అదొక్కటే. ప్రతి ఆదివారం ఆట మొదలయ్యే ముందు మస్తానన్న చెవి మీది పెన్ను తీసి ఒకటే మాట అనేవాడు.

"చెప్పేది ఉంటే ఇప్పుడే చెప్పండి. చెప్పకపోతే పుస్తకంలో ఉండేదే."

రాసిన మాట కొట్టేయడానికి లేదు. రాయని మాట ఉందనడానికి లేదు. ఆయనకున్న చట్టం అంతే. నాలాంటివాడికి అది మొదట్లో ఊపిరాడని వ్యవహారం. దుర్గం మీద ఏడు తలల తేలు ఉందని ఒక ఆదివారం ఊరికే అన్నాను. ఆయన రాసేసుకున్నాడు. మూడు నెలల తర్వాత మేము కొండెక్కినప్పుడు ఆ తేలు ఎదురొచ్చి నా పాటగాడి కాలు తీసేసింది. నేనేదో సరదాకి అన్నానన్నాను. అన్నావు గదా, ఉండాది అన్నాడు. అప్పటిదాకా నా మాటలు బస్సు దిగేలోపు గాలికి పోయేవి. వాటిని పట్టుకుని, తేదీ వేసి, నా ముందే మళ్లీ నిలబెట్టినవాడు ఆయనొక్కడే.

రెండో ఏడు కార్తీకంలో జరిగింది చెప్పాలి. ఆటలోని కాలం పుస్తకం పంచాంగం ప్రకారం నడిచేది. కోతల నెల అయిపోయింది. మస్తానన్న పేజీ తిప్పి, చదివి, మళ్లీ ఒకసారి చదివాడు. తర్వాత, మంచు మొదలైందని చెప్పాడు. మనకు తెలిసిన పొద్దుటి పొగమంచు కాదు, మోకాలి లోతున పేరుకుపోయే తెల్లటి మంచు. మేము నవ్వాం. మర్రిపాడులో మంచేంది అన్నాం. ఆయన కాదు పుస్తకం మా వైపు తిప్పాడు. ఎండ గురించి రాసుకున్నాం, వడగాలి గురించి, వానలు రాకపోవడం గురించి, ఎండిన బోర్ల గురించి. మంచు పడదని ఎవరూ రాయలేదు. నెల్లూరు జిల్లాలో పుట్టినవాడికి మంచు పడదని రాసి పెట్టుకోవాలని ఎందుకు తోస్తుంది?

ఆటలో పెంచలయ్య మంద అప్పుడు దుర్గం మీద ఉంది. గూడు లేని ప్రాణికి మూడు రోజుల చలికి మూడు బిళ్ళలు తీయాలని, మూడింట్లో ఒక్కటైనా పది దాటాలని పుస్తకంలో ఉంది. పెంచలయ్య తీశాడు. మూడు. ఆరు. రెండు. బిళ్ళల్ని బల్ల మీద వరసగా పెట్టి వాటినే చూస్తూ కూర్చున్నాడు. అతని ముఖం చూసి నేను ఉండబట్టలేక, పోయిన నెలలోనే నేను చెప్పినాను, మన సీమలో మంచు పడదని, అన్నాను. మస్తానన్న మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివాడు. లేదన్నాడు. నువ్వు రాయడం మర్చిపోయుంటావన్నా అన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. పెన్ను నా ముందు పెట్టాడు.

"అన్నావంటే అన్నావు సీనయ్యా. నువ్వే రాయి."

పెన్ను పట్టుకున్నాను. లెక్కలేనన్ని అబద్ధాలు నోటితో ఆడినవాణ్ణి, చేత్తో ఆ ఒక్కటీ రాయలేకపోయాను. పెంచలయ్య లేచి, షట్టరు కింద నుంచి వంగి, చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్లిపోయాడు.

రెండు ఆదివారాలు అతను రాలేదు. మూడో దానికి మస్తానన్న కొట్టు మూసి నన్ను వెంటబెట్టుకుని మర్రిపాడు బస్సెక్కాడు. అక్కడ దిగి రెండు మైళ్లు నడిచాం. ఇంటి ముందు దొడ్డి ఉంది, ముళ్లకంప చక్కగా కట్టి ఉంది, లోపల ఒక్క గొర్రె లేదు. పెంచలయ్య వాళ్ల అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఏడ తోలుకుపోయినారవ్వా మందని అని మస్తానన్న అడిగితే, ఆమె చేత్తో నేల వైపు చూపించింది. వానాకాలంలో రోగం వచ్చిందట. మూతులు వాచి, నాలుకలు నీలమై, నెల తిరిగేలోపు మొత్తం పోయాయట. అంటే ఆ నాలుగు నెలలూ పెంచలయ్య మా దగ్గరికి ప్రతి ఆదివారం వచ్చాడు, వంద గొర్రెల్ని కాశాడు, నీళ్లకు తోలాడు, ఒక్క మాట అనలేదు. చెప్పుంటే ఏదన్నా చేసేవాళ్లం గదా అన్నాడు మస్తానన్న. పెంచలయ్య కంపను సర్దుతూ, మా వైపు చూడకుండా అన్న మాట నేను మరిచిపోలేదు.

"ఆడన్నా ఉండాయిలే అనుకున్నా అన్నా. వారానికొక పూట చూసుకోవచ్చు అనుకున్నా."

తిరుగు బస్సులో నేను ఆగలేకపోయాను. ఆ పేజీ చించేద్దామన్నాను. మంచు పడనే లేదందాం, మంద అట్టనే ఉందందాం, ఆట మనది, చట్టం మనది, అడిగేదెవరు అన్నాను. మస్తానన్న కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నాడు. తల తిప్పకుండానే చెప్పాడు. బస్సు మోతలో, నాకు మాత్రమే వినబడేటట్టు.

"జరిగినదాన్ని కొట్టేస్తే వాడు ఒంటరివాడు అయిపోతాడు సీనయ్యా. అది జరిగిందని వాడొక్కడికే తెలిసుంటాది. జరిగింది ఉండనీ. దాని తర్వాత ఏముందో చెప్పు. నీ అబద్ధాలకి ఆడ పని ఉండాది."

వారం రోజులు నాకు నిద్రలేదు అంటే నమ్మండి. పైపుల ఆర్డర్లు తప్పు రాశాను. తర్వాతి ఆదివారానికి పెంచలయ్య వచ్చాడు, మస్తానన్న రమ్మన్నాడు గనుక. పాటగాడిగా నేనే మాట్లాడాను. ఒంటికాలి మీద కొండెక్కానని చెప్పాను. మంచు కరుగుతోందన్నాను. తల్లి గొర్రెలన్నీ తలలు లోపలికి పెట్టి చుట్టూ గుండ్రంగా నిలబడి, నిలబడినవి నిలబడినట్టే గడ్డకట్టుకుపోయాయన్నాను. వాటి నడుమకు పాకి చూస్తే వెచ్చగా ఏదో కదిలిందన్నాను. ఎన్ని అన్నాడు మస్తానన్న. ఏడు పిల్లలు అన్నాను. ఎందుకు ఏడంటే చెప్పలేను, నోటికి అదే వచ్చింది. పది దాటితే ఉండాయి, తియ్యి అని ఆయన గ్లాసు పెంచలయ్య ముందుకు జరిపాడు. పెంచలయ్య బిళ్ళ తీసి, అరచేతిలోనే చూసుకుని, పిడికిలి మూశాడు. మళ్లీ గ్లాసులో వేసేశాడు. పదిహేడు అన్నాడు. తీసిన ప్రతి బిళ్ళా బల్ల మీద పెట్టాల్సిందేనని రెండేళ్లుగా మా ప్రాణం తీసిన మస్తానన్న చూపించమనలేదు. టీచరు చీర కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటోంది. ఆయన కాదు పుస్తకం తెరిచి రాశాడు: మంద మొత్తం పోయింది, కాదు. ఏడు పిల్లలు ఉండాయి.

ఆ ఏడు పిల్లలూ తర్వాతి ఏళ్లలో నలభై అయ్యాయి. ఒక్కోదానికి పేరుండేది. పెంచలయ్య దొడ్డిలోకి కూడా మళ్లీ గొర్రెలొచ్చాయి, అది వేరే కథ. నేను కోతలు కోయడం మానలేదు, కానీ కోసేముందు, ఇది దేన్ని కొట్టేయడానికి అని ఒక్కసారి చూసుకోవడం అలవాటైంది. ఈ అలవాటు వల్ల అమ్మకాలు కొంత తగ్గాయి కూడా.

ఆరో ఏట మస్తానన్న చేతిలో గ్లాసు వణకడం చూశాను. బిళ్ళలు రెండుసార్లు కింద పోశాడు. ఏడు పిల్లల పేర్లలో ఒకటి మరిచిపోయి, పెంచలయ్య అందిస్తే నవ్వాడు. పోయిన వారం ఎక్కడ ఆపామో చెప్పలేకపోయాడు. ఆ రోజు ఆట అయినాక మిగతావాళ్లు వెళ్లాక నన్ను ఆపాడు. మిషను మీద గుడ్డ కప్పుతూ, ఎటో చూస్తూ అడిగాడు.

"ఇంక ఆటపెద్దగా నువ్వు కూర్చో సీనయ్యా. నాకు లోకం జారిపోతా ఉండాది."

నాకు అప్పటికే నెల్లూరు ఆఫీసుకు బదిలీ కాగితం వచ్చి జేబులో ఉంది. ఆ మాట చెప్పలేదు. సరేనని చెప్పలేదు, నా వల్ల కాదనీ చెప్పలేదు. కోతలు కోసేవాణ్ణి గదా, ఒక కోత కోశాను. ఆటపెద్ద కుర్చీలో కూర్చుంటే దుర్గం మీది తేలు రెండో కాలు కూడా అడుగుతుందేమో అన్నాను. ఆయన నవ్వాడు. పెన్ను తీసి చేత్తో పట్టుకుని నేను ఇంకేమైనా అంటానేమోనని కాసేపు చూశాడు. నేను షట్టరు కింద నుంచి వంగి బస్సుకు పరుగెత్తాను. చెప్పకపోతే పుస్తకంలో ఉండేదే. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

నెల్లూరు ఎంత దూరమని? సంగం దాటితే వచ్చేసినట్టే. అయినా నేను ఆదివారాలు రాలేదు. వచ్చే వారం అనుకుంటూ ఏడాదిన్నర గడిపాను. టీచరు ఒకసారి ఫోను చేసి, అన్న ఇప్పటికీ రెండింటికి షట్టరు సగం దించి కూర్చుంటున్నాడని చెప్పింది. మరోసారి ఫోను చేసినప్పుడు పక్షవాతం వచ్చిందని చెప్పింది. అప్పుడు వెళ్లాను. కంపెనీ పని మీద ఉదయగిరి పోతూ మధ్యలో దిగాను. అది బుధవారం.

మస్తానన్న ఇంటి వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో మరెవరిదో పెట్టినట్టుంది. వేళ్ల కొసలు తెల్లగా ఉన్నాయి, వాటిని అలా చూడటం అదే మొదలు. మనుషుల్ని గుర్తుపట్టడం లేదబ్బయా అని ఆయన భార్య సుబ్బమ్మ వదిన ముందే చెప్పింది. నేను ఎదురుగా పీట వేసుకుని, అన్నా, సీనయ్యని అన్నాను. ఆయన నన్ను చూశాడు. కొత్తగా లోపలికి వచ్చినవాళ్లను చూసినట్టు, మర్యాదగా.

"ఎన్ని కాపీలు?"

వదిన లోపలికి వెళ్లిపోయింది. ఏం చేయాలో తెలియక నేను పులి కథ ఎత్తుకున్నాను. తోటలో పులి, నోట్లో పైపు, చేతిలో వారంటీ కార్డు. ఆయన తల కొంచెం వంచి విన్నాడు. నేను ఆపగానే, తర్వాత అన్నాడు. చెప్పాను. మళ్లీ తర్వాత అన్నాడు. పులిని దుర్గం ఎక్కించాను, తేలుతో కొట్లాట పెట్టాను, గొర్రెల మందలోకి దింపాను. ఎన్నిసార్లు ఆపినా ఆ ఒక్క మాటే. కరెంటు పోయి వచ్చి అన్నీ మరిచిపోయిన మనిషిలో తనంతట తానుగా మిగిలింది ఎన్ని కాపీలు, తర్వాత అన్న ఆ రెండు మాటలే అనుకున్నాను. కథ అయిపోయింది. అప్పుడు, ఏడాదిన్నర ఆలస్యంగా, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి చెప్పాను. ఆటపెద్దగా నేను కూర్చుంటానన్నా, వచ్చే ఆదివారం నుంచి వస్తాను అని. ఆయన వినలేదో, విన్నది నిలవలేదో. నేను లేచి మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎప్పటి గొంతుతోనే పిలిచాడు.

"ఒరిజినల్ మర్చిపోతా ఉండారు."

ఆదివారం రాకముందే, శుక్రవారం పొద్దున పోయాడు.

పెద్దకర్మ నాడు వదిన నాకు కాదు పుస్తకం ఇచ్చింది, దాని మీద గరిటెలాయన చేసిన ఎలక్కాయ పాచిక పెట్టి. నువ్వు నెల్లూరు పొయ్యినాక కూడా రాస్తానే ఉండినాడబ్బయా అంది. తిప్పాను. మాకు తెలిసిన వరుసలన్నీ ఉన్నాయి, టీ కొట్టు, ప్రెసిడెంటు, తేలు, ఏడు పిల్లలు. చివరి పేజీలో వణికిన అక్షరాలతో ఒక వరుస ఉంది. ఏ ఆదివారం రాశాడో తెలియదు, దానికి తేదీ వేయలేదు.

సీనయ్య రాడు, కాదు. ఆదివారం వస్తాడు.

రాసింది కొట్టేయడానికి లేదు గదా. ఆ తర్వాతి ఆదివారం వెళ్లాను. కొట్టులో అప్పటికే సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాళ్లు దిగారు, షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. టీచరు ఇంటి వసారాలో బల్ల వేసింది. పెంచలయ్య నాలుగు కుర్చీలు వేశాడు. ఒకటి ఎక్కువని ఎవరూ అనలేదు. నేను ఆటపెద్ద కుర్చీలో కాకుండా దాని పక్కదాంట్లో కూర్చుని, చెప్పేది ఉంటే ఇప్పుడే చెప్పండి, చెప్పకపోతే పుస్తకంలో ఉండేదే అన్నాను. అప్పుడు పెంచలయ్య, అయిదారేళ్ల కిందట మంద పోయిందని ఎవరికీ చెప్పనివాడు, బల్ల వైపు చూస్తూ అన్నాడు.

"అన్న పోలేదని రాయి సీనయ్యా."

పెన్ను నా చేతిలో ఉంది. ఈసారి రాయగలను. అలాంటి అబద్ధం నాకు ఒక లెక్కా? కావాలంటే ఆయన్ని దుర్గం మీద పులి పక్కన కూర్చోబెట్టి వెయ్యేళ్లు బతికించగలను. టీచరు నా వైపు చూడటం లేదు. నేను బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనిషిని తలుచుకున్నాను. జరిగింది ఉండనీ అన్నాడు గదా. పెంచలయ్య భుజం మీద చెయ్యి వేసి, అన్న పోయినాడురా అన్నాను. అతను తల ఊపాడు. ఆ తర్వాతే ఏడ్చాడు. మేమందరం.

కాసేపటికి కాదు పుస్తకంలో, ఆయన చివరి వరుస కింద, నా చేత్తో మొదటి వరుస రాశాను. మస్తానన్న కొట్టు మూసేసినారు, కాదు. షట్టరు సగం దించి ఉండాది.

నెల్లూరు ఉద్యోగం వదిలేసి ఉదయగిరి వచ్చేశాక కూడా, ఆదివారం మధ్యాహ్నం ఆత్మకూరు బస్సులోనే ఉంటాను. జేబులో ఎలక్కాయ పాచిక ఉంటుంది. పక్క సీటువాళ్లు ఎక్కడికని అడుగుతారు. ఒక్కొక్కరికి ఒక్కో కోత కోస్తాను: పులికి వారంటీ రెన్యువల్ చేయించడానికనో, తేలు దగ్గర కాలు వెనక్కి తెచ్చుకోవడానికనో. కొందరు నవ్వుతారు, కొందరు కిటికీ వైపు తిరుగుతారు. ఎప్పుడో ఒకసారి, ఏ పెద్దాయనో తల కొంచెం వంచి, "తర్వాత?" అంటాడు. అప్పుడు జేబులోని పాచికను ఒకసారి తడుముకుని, తర్వాతది చెబుతాను.